కాహూ డబ్బా

పోర్ట్ బ్లెయిర్ దగ్గర వండూర్‌లో వలలు మూడు రకాలు. చేపలు పడాలని సముద్రంలో వేసేది ఒకటి. స్నానానికి దిగిన టూరిస్టుల దగ్గరికి మొసళ్ళు రాకుండా బీచ్ నీళ్ళలో కట్టినది ఇంకొకటి. మూడోది పచ్చరంగు వల. బీచ్ వెనక ఒక రిసార్టు వాళ్ళు ఎండా వానా నేరుగా తగలకుండా తమ పెరట్లో ఇనప గొట్టాల మీద గుడారంలా కప్పుకున్నారు. మొదటి వలలో చేపలుంటాయి. రెండో వలలో టూరిస్టులుంటారు. మూడో వలలో, పోయిన జనవరి నుంచి, దానయ్య ఉంటున్నాడు.

వల వెయ్యడమే తప్ప వలలో ఉండడం దానయ్యకు కొత్త. తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడు గానీ దానయ్య పుట్టింది ఈ దీవి మీదే. మూతి మీద మీసం రాకముందే డింగీ ఎక్కాడు. డింగీ అంటే ఇక్కడి బెస్తవాళ్ళ ఇంజను పడవ. ఒకసారి అతని గాలానికి తగిలిన సొర డింగీని రట్లాండ్ దీవి దాకా లాక్కుపోయి, అక్కడ ఆయాసం తీర్చుకుని, మళ్ళీ వండూర్‌లో దింపి మరీ వెళ్ళిందని అతనే చెబుతాడు. చెప్పినప్పుడల్లా ఆ సొర ఒక మూర పెరుగుతూ వచ్చి, ఇప్పటికి పోర్ట్ బ్లెయిర్ జెట్టీలో పట్టనంత అయ్యింది.

అంతటి సొర కూడా ఏమీ చెయ్యలేని డింగీ, ఒడ్డున తాడుతో కట్టేసి ఉండగా ముక్కలైంది. నవంబరు గాలివాన దాన్ని రాళ్ళకేసి కొట్టింది. పోతూ పోతూ అదే గాలి దానయ్య ఇంటి కప్పు రేకులు కూడా పట్టుకుపోయింది. దానయ్య, అతని భార్య రామలక్ష్మి రెండు నెలలు వాళ్ళ పంచనా వీళ్ళ పంచనా గడిపి, జనవరిలో గిన్నెలు నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంటే, ఆ రిసార్టు మేనేజరు ఉమేష్ పిలిచి పచ్చవల పక్కన ఖాళీగా ఉన్న గది చూపించాడు. వల కింద పంట చూసుకుంటే గది వాళ్ళది.

ఉమేష్ పోర్ట్ బ్లెయిర్ విమానాశ్రయం పక్కనున్న లంబాలైన్ కుర్రాడు. ఇంటి మీదుగా విమానాలు దిగుతుంటే పెరిగినవాడు కాబట్టి రహస్యం కూడా గట్టిగానే చెబుతాడు. మంచివాడే. ఇన్నాళ్ళని గడువేమీ పెట్టలేదు. ఉన్నన్నాళ్ళు ఉండమన్నాడు. అక్కడే దానయ్య పౌరుషం అడ్డొచ్చింది. ఊరికే గదిలో ఉన్నాడని రేపెవరూ అనకూడదు. గుండె మీద చెయ్యి వేసుకుని, వచ్చిన రెండు నెలల్లో ఒక్క నిండు పంట ఉమేష్ చేతిలో పెట్టి తన దారి తాను చూసుకుంటానన్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది.

"గంగమ్మ సాచ్చి," అన్నాడు పైగా.

ఉమేష్ సాక్ష్యం అడగలేదు. గంగమ్మ కూడా అడిగి ఉండదు. అయినా మాట బయటికి వచ్చేసింది.

ఆ పంట లెట్యూస్ అనే సలాడ్ ఆకు. వండూర్‌లో అందరూ హిందీలో సలాద్ పత్తా అంటారు. ఆ పేరుతో పంట పత్తా లేకుండా పోతుందని ముందే తెలిసుంటే దానయ్య నోరు మూసుకునేవాడు. పోర్ట్ బ్లెయిర్‌లోని అబర్డీన్ బజార్‌లో దొరికేది విమానంలో వచ్చిన సరుకు. దాన్ని చూస్తే దారి పొడుగునా వాంతులు చేసుకుని దిగిన ప్రయాణికుడిలా ఉంటుంది. అందుకని రిసార్టు యజమాని మెయిన్‌లాండ్ నుంచి ఒక కంపెనీ విత్తనం పంపించాడు. ప్యాకెట్ మీద బొమ్మ ఎలా ఉందో ప్రతి మొక్కా అలాగే ఉండాలి. గుండ్రంగా, లేత పచ్చగా, అంగుళం తేడా లేకుండా.

అలాగే వచ్చాయి కూడా. కాన్వెంటులో ప్రేయరుకి నిలబెట్టిన ఆడపిల్లల్లా ఒకే యూనిఫారం, ఒకే జడ, ఒకే ఎత్తు. దానయ్య మురిసిపోయాడు. ప్రేయరులో ఒక పిల్లకు కళ్ళు తిరిగితే మిగతా పిల్లలు నిలబడే ఉంటారు. ఈ పిల్లలు అలా కాదు. ఏప్రిల్ ఎండకు ఒక మొక్క నడిమధ్య నుంచి కాడ తీసి నిట్రాడులా లేచింది. ఆకు విషంలా చేదెక్కింది. మర్నాటికి బారులన్నీ అలాగే లేచాయి. కోతకు ఒక్కటి పనికిరాలేదు.

రెండో పంట జూన్ వానల్లో వేశారు. నేలను తాకిన ఆకు దగ్గర బంక మొదలైంది. చెయ్యి పెడితే మొక్క మొత్తం తొనలా ఊడి వచ్చింది. ఒకటి కుళ్ళితే రెండోది కుళ్ళడానికి పెద్దగా ఆలోచించలేదు. మూడోది ఆగస్టులో వేశారు, అదే దారి. రెండు నెలలనుకున్నది ఎనిమిది నెలలైంది. దానయ్య ఆ పచ్చవల కిందనే ఉన్నాడు.

లోపలికి ఎండ కూడా పచ్చగానే వస్తుంది. అద్దంలో చూసుకుంటే తన మొహమే పాచిపట్టిన రాయిలా కనిపించేది. వలకు అవతల కొబ్బరిచెట్లు, వాటికి అవతల సముద్రం. చూపు ఆనదు, చప్పుడు మాత్రం వినిపిస్తుంది. పొద్దున్నే పోయే ఇంజను చప్పుడును బట్టి అది ఎవరి డింగీయో, అందులో ఎంతమంది ఉన్నారో, వాళ్ళలో ఎవరికి రాత్రి నిద్ర లేదో కూడా చెప్పేవాడు. రామలక్ష్మి నమ్మినట్టు తలూపి తన పని చేసుకునేది. మధ్యాహ్నాలు మాత్రం అతను ఏమీ చెప్పేవాడు కాదు. గొట్టానికి ఆనుకుని కూర్చుని, మోకాళ్ళ మధ్య చేతులు పెట్టుకుని, లేని తాడుకు ముడి వేస్తున్నట్టు వేళ్ళు ఆడించేవాడు.

పారిపోదామంటే తలుపుకు తాళం లేదు. ఉన్నది బావమరిది యర్రయ్య పట్టింపు. రామలక్ష్మి అన్న యర్రయ్య కొత్త డింగీ కొన్నాడు. డిసెంబరులో సముద్రం శాంతించగానే రట్లాండ్ వైపు నాలుగు నెలల వేటకు పోతున్నాడు. బావకు చోటు ఉంచాడు. కానీ గంగమ్మ పేరు మీద మాట ఇచ్చి తీర్చనివాడిని యర్రయ్య తండ్రి తన పడవ ఎక్కనిచ్చేవాడు కాదు, యర్రయ్య కూడా ఎక్కనివ్వడు. ఆ మాట బరువు పడవలో ఉన్న అందరి మీదా పడుతుందని వాళ్ళింట్లో నమ్మకం. దానయ్యకు కూడా అదే నమ్మకం కాబట్టి వాదించే వీలు లేదు.

యర్రయ్య వారానికోసారి వచ్చి వల బయట గొంతుక్కూర్చునేవాడు. లోపలికి రమ్మంటే వచ్చేవాడు కాదు. వలలోకి తనంతట తాను దూరిన చేపని ఎప్పుడూ చూడలేదనేవాడు. బయట నుంచే కబుర్లన్నీ చెప్పి, ఏ సంగతి ఎలా తేలినా చివరికి ఒకటే మాట అడిగేవాడు.

"నిండిందేటి బావా?"

"నిండుతాది," అనేవాడు దానయ్య.

ఆ ఆగస్టులోనే రిసార్టు పాత తోటమాలి టోప్పో పని మానేసి, దీవుల ఉత్తర కొసన ఉన్న డిగ్లీపూర్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. టోప్పో తాతలు అడవి కొట్టడానికి రాంచీ నుంచి వచ్చినవాళ్ళు. తను మాత్రం బతుకంతా మొక్కలు నాటాడు. గెస్టుహౌసుల్లో, ఆఫీసర్ల బంగళాల్లో, పరిశోధన తోటల్లో ఎక్కడ పనిచేసినా మంచి మొక్క కనిపిస్తే నాలుగు గింజలు జేబులో వేసుకోకుండా ఇంటికి వెళ్ళలేదు. అతనికి ఇంకో సరదా ఉంది. తెలుగువాళ్ళ మధ్య బతికినందుకు గుర్తుగా ఓ పదో పన్నెండో తెలుగు మాటలు నేర్చుకుని, వాటిని హిందీ మధ్యలో పోపు గింజల్లా వేసేవాడు. వద్దు, కావాలి, బాగుంది, తిను. రామలక్ష్మి కనిపిస్తే ఇంకా ఎక్కువ వేసేవాడు.

వెళ్ళే రోజు గది అరుగు మీద రెండు డబ్బాలు పెట్టాడు. ఒకటి కంపెనీ ప్యాకెట్లలో మిగిలిన విత్తనం. రెండోది పాత హార్లిక్స్ డబ్బా. మూత తీస్తే జీలకర్ర కంటే సన్నటి గింజలు. నల్లవి, తెల్లవి, బూడిద రంగువి, అన్నీ కలిసిపోయి ఉన్నాయి. కంపెనీ విత్తనంలో ఇంకేదీ కలపకూడదని ఉమేష్ గట్టిగా, అంటే తనకు మామూలైన గొంతుతోనే, చెప్పి ఉన్నాడు. అందుకని రామలక్ష్మి జాగ్రత్తపడి అడిగింది, ఇవి కూడా ఆ సలాద్ పత్తా గింజలేనా అని.

టోప్పో నవ్వి, డబ్బా మీద తట్టి, "కాహూ భాభీ, కాహూ," అన్నాడు.

కావు అన్నాడని రామలక్ష్మి విన్నది. పాపం తనకోసం తెలుగులో చెప్పాడు కదా అని సంతోషించింది కూడా. వాన మొదలవడంతో టోప్పో బస్సు కోసం పరుగెత్తాడు.

కావు అన్నాక వాటిని వల కిందికి రానివ్వడం ఎలాగ? అలాగని పెద్దాయన ఇచ్చిన గింజను పారెయ్యడానికి మనసొప్పలేదు. ఏదో ఆకుకూరై ఉంటుందిలే అనుకుని, గది వెనక స్నానాల నీళ్ళు పారే చోట, చెత్తా పేడా పోసిన దిబ్బ మీద గుప్పెడు చల్లింది. మొలిస్తే ఇంకో గుప్పెడు, అవి ఎదిగితే ఇంకో గుప్పెడు. దీపావళి నాటికి డబ్బా అడుగు కనిపించింది.

దిబ్బ మీద లేచినదాన్ని పంట అనడానికి దానయ్యకు నోరు రాలేదు. ఒక మొక్కకు ఇంకో మొక్కతో పోలిక లేదు. ఒకటి ఎర్ర తోటకూర ఆకులా ఉంది. ఒకటి గొడుగు తిరగబడ్డట్టు ముడతలు ముడతలు. ఒకటి కోడికాలు ముద్ర వేసినట్టు చీలికలు. ఒకటి దోసిలి పట్టినట్టు ఆకులన్నీ పైకే పెట్టుకుని నేలను తాకకుండా నిలబడింది. ఇంకొకటి మరీ మొండిది. ఆకు వెనక ఈనె మీద వరసగా ముళ్ళు. కోళ్ళు దాని దగ్గరికి వచ్చి, చూసి, వాటి దారిన అవి పోయేవి. తెంపితే ఏ మొక్కయినా తెల్లటి పాలు కార్చేది.

రామలక్ష్మి వాటిని పప్పులో వేసింది. పులుసులో వేసింది. ఎండురొయ్యల్లో వేసి చూసింది. దేనిలో వేసినా చేదే. దానయ్య ముద్ద మింగి, ఉమేష్ తనను పచ్చవలలో కట్టేశాడు, నువ్వు నోరు కూడా కట్టేశావు అని గొణిగేవాడు. నవంబరు వానలు దిబ్బ మీద కూడా పడ్డాయి. ఎర్రవాటిలో కొన్ని కుళ్ళాయి. ముడతలవి కొన్ని కాడ తీసేశాయి. దోసిలి ఆకులది చెక్కు చెదరలేదు. ముళ్ళది వానలో స్నానం చేసి వచ్చినదానిలా ఇంకాస్త పెరిగింది. ఏ రోజు చూసినా దిబ్బ నిండుగానే ఉండేది. అది చూసి, దిక్కుమాలిన దానికి ఆయుష్షు ఎక్కువని దానయ్య ఏడ్చుకునేవాడు. అదే వానకు వల కింద అక్టోబరులో వేసిన నాలుగో పంట మొత్తం బంకై కూర్చుంది మరి.

అప్పటికి డిసెంబరు వచ్చేసింది. రిసార్టులో మెయిన్‌లాండ్ వాళ్ళ పెళ్ళి కుదిరింది. వంటవాడు ఫలానా రోజు పొద్దున్నే ఆకు కావాలన్నాడు. సరిగ్గా ఆ రోజే, ఆటు మొదలవగానే, యర్రయ్య డింగీ బయలుదేరుతుంది. ఆ తర్వాత మళ్ళీ ఏడాదే. ఖాళీ చోటుకు గణేష్ అనే కుర్రాడు ఇప్పటికే సంచీ సర్దుకుని తిరుగుతున్నాడు. దానయ్య నాలుగో పంటను పారతో ఎత్తి గోతిలో పోసి, ఆ గోతి పక్కనే కూలబడ్డాడు.

టోప్పో ఫోను అప్పుడొచ్చింది. డిగ్లీపూర్‌లో సిగ్నల్ ఎప్పుడో గాని దయతలచదు. కాబట్టి కుశల ప్రశ్నలన్నీ ఒక్క గుక్కలో అడిగేసి, కాహూ ఎలా ఉంది అన్నాడు.

కాహూ అంటే ఎవరని దానయ్య అడిగాడు. అతనికి హిందీ తెలుగంత బాగా వచ్చు. ఆ మాట మాత్రం సముద్రం మీద ఎప్పుడూ అవసరం పడలేదు.

"అరె భాయ్, సలాద్ పత్తా. హమారే గావ్ మే కాహూ బోల్తే హై. భాభీ కో డబ్బా దియా థా న?"

మా ఊళ్ళో కాహూ అంటాం, ఆ డబ్బా నీ భార్యకే ఇచ్చాను కదా అన్న ఆ ముక్క దానయ్య చెవిలో పడి తలదాకా వెళ్ళడానికి కాసేపు పట్టింది. ఫోను చేత్తో మూసి భార్యను పిలిచాడు.

"ఓలే, టోప్పో ఏటన్నాడే నీతోటి, ఆ డబ్బా ఇచ్చినప్పుడు?"

"కావు అన్నాడు. రెండుసార్లు అన్నాడు. తెలుగులోనే అన్నాడు," అంది రామలక్ష్మి, తప్పేమీ చెయ్యనివాళ్ళ ధైర్యంతో.

దానయ్య గది వెనక్కి నడిచి దిబ్బ ముందు నిలబడ్డాడు. నెల రోజులుగా పప్పులో ఉడకబెట్టి తిట్టుకుంటూ తిన్నది దీన్నా! పచ్చిగా ఒక ఆకు తెంపి నమిలాడు. చేదు లేదు, తియ్యగా, కరకరమని ఉంది. ఉడికిస్తే కోపం తెచ్చుకునే ఆకు అది. రామలక్ష్మి కూడా ఒకటి నమిలి, ఇంకొకటి తెంపింది. ఇద్దరూ మేకల్లా నిలబడి చాలాసేపు తిన్నారు.

ఉమేష్ వచ్చి చూసి ముందు మొహం చిట్లించాడు. ఇది సలాద్ కాదు, బారాత్ లాగా ఉంది అంకుల్, ఒక్కడి డ్రెస్సు ఇంకొకడికి మ్యాచ్ కాదు అన్నాడు. వంటవాడు మాత్రం అన్నీ రుచి చూసి, దిబ్బ మొత్తం కోస్తే పెళ్ళికి సరిగ్గా సరిపోతుందని తేల్చాడు. ఉమేష్ మొహం విచ్చుకుంది. ఇప్పుడే ఓనరుకి చెప్తా, వచ్చే సీజన్‌కి నెట్ మొత్తం ఆ ఎర్రదే వేసేద్దాం, ఒక్కటే రకం అని బీచ్ దాకా వినబడేలా అన్నాడు. దానయ్యకు ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది గానీ సంతోషంలో పట్టించుకోలేదు. దిబ్బ నిండుగా ఉంది. కోసి ఇచ్చేస్తే మాట తీరిపోతుంది. రామలక్ష్మి అప్పుడే లుంగీలు ఉతికి ఆరేసింది.

పెళ్ళికి ముందురోజు టోప్పోకు దానయ్యే ఫోను చేశాడు, శుభవార్త చెబుదామని. టోప్పో అంతా విని, గింజకు ఎన్ని ఉంచావు అని అడిగాడు. ఏమీ ఉంచలేదన్నాడు దానయ్య. డబ్బాలో మిగిలి ఉంటాయి కదా అన్నాడు టోప్పో. లేవన్నాడు.  

తర్వాత టోప్పో నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. ఆ మొక్క పువ్వు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. తుమ్మెద కోసం ఎదురు చూడదు. తన మెడలో తానే తాళి కట్టుకునే రకం. అందుకని బిడ్డలు అచ్చం తల్లే. ఎర్రదానికి ఎర్రవే, ముడతలదానికి ముడతలవే. కంపెనీ ప్యాకెట్‌లో ఉన్నవన్నీ అలా ఒక్క తల్లి బిడ్డలే కాబట్టి, ఒకదానికి పడని గాలి అన్నింటికీ పడదు. దిబ్బ మీదవి వేరు వేరు ఇళ్ళవి. ఒకటి ఎండకు ఆగుతుంది, ఒకటి వానకు ఆగుతుంది, ఒకటి తెగులుకు ఆగుతుంది. ఏ ఏడు ఏది వస్తుందో ఎవరికి తెలుసు? అందుకే తను అన్నీ కూడబెట్టాడు. ఏదైనా ఒక రకం గింజ లేకుండా పోయిందంటే పక్కదాని కడుపున అది పుట్టదు, పోయినట్టే. ఆ ముళ్ళది మిగతా అన్నింటికీ అవ్వ లాంటిది, అడవిది. అలాంటిది ఇంకోచోట తనకు దొరకలేదు.

అవ్వ కాబట్టే అంత కోపం అని దానయ్య నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. ముందే కాడ తీసినవాటి నుంచి పట్టుకోకూడదా అని అడిగాడు. తొందరపడి పూసినదాని బిడ్డలు కూడా తొందరపడతాయి, ఆలస్యంగా పూసేవే ఉంచాలి అన్నాడు టోప్పో. అంటే కోతకు పనికొచ్చేవే, బాగున్నవే ఉంచాలి. నీ ఇష్టం భాయ్, నీకు సముద్రం కావాలి కదా అని కూడా అన్నాడు. అలా అనకపోతే దానయ్యకు కోపం తెచ్చుకోవడం తేలికయ్యేది.

ఆ సాయంత్రం అతను దిబ్బ చుట్టూ తిరిగాడు. అన్నీ కోస్తే రేపు తను డింగీలో ఉంటాడు. ఈ పచ్చవల కిందికి ఇంకెవరో వస్తారు. వాళ్ళ చేతిలో మళ్ళీ ఒక్క ప్యాకెట్టే ఉంటుంది. బారులన్నీ కలిసి లేస్తాయి, కలిసి కుళ్ళుతాయి. రకానికి రెండు ఉంచితే ట్రేలు నిండవు. ఎన్నిసార్లు చూసినా లెక్క అక్కడికే వచ్చి ఆగింది. ఏడాది పొడుగునా చేతిలో పెట్టిందల్లా చచ్చిపోయింది, చావనిది ఇదొక్కటే. దాన్ని తనే చంపి పోవాలా? పోతేనేం, ఆకే కదా! రెండు వైపులా వాదించుకుని, రెండు వైపులా ఓడిపోయి, వచ్చి పడుకున్నాడు.

తెల్లవారగానే కొయ్యడం మొదలుపెట్టారు. రామలక్ష్మి ముందు, దానయ్య వెనక. వంటింటి కుర్రాళ్ళు ట్రేలు అందుకుంటున్నారు. రామలక్ష్మి చకచకా కోసుకుపోతోంది. దానయ్య కత్తి ఎర్రవాటి దగ్గర రెండింటిని దాటింది. ముడతలవాటి దగ్గర రెండింటిని, చీలికలవాటి దగ్గర రెండింటిని దాటింది. దోసిలి ఆకుల దగ్గర ఆగి, మంచివి ఏవో చూసి, వాటిని వదిలి పక్కవి కోసింది. ముళ్ళవి ఉన్నవే రెండు, వాటి జోలికే పోలేదు. తను ఏమీ నిర్ణయించలేదనే అతను అనుకుంటున్నాడు. చెయ్యి మాత్రం దాటుకుంటూ పోతోంది. రామలక్ష్మి వెనక్కి తిరిగి చూసి, ఆ నిలబడ్డవాటిని చూసి, మొగుడి మొహం చూసి, కత్తి కింద పెట్టింది.

చివరి రెండు ట్రేలు ఖాళీగా ఉండిపోయాయి.

ఉమేష్ వచ్చాడు. ఖాళీ ట్రేలు చూశాడు, దిబ్బ మీద నిలబడి ఉన్న మొక్కలు చూశాడు.

"ఇవి ఎందుకు వదిలేశారు అంకుల్? కోసెయ్యండి, ఫినిష్ అయిపోతుంది."

"అవి ఇంకా ఈనాలి బాబూ," అన్నాడు దానయ్య.

ఉమేష్‌కు వచ్చిన తెలుగులో ఆ మాట లేదు. అర్థం చేసుకునే తీరిక కూడా లేదు. అటు పెళ్ళివాళ్ళ బస్సులు వచ్చేశాయి. పోనీలే, దోసకాయ ముక్కలు కలిపి నింపేస్తాం, మీ పని అయిపోయింది, హాయిగా వెళ్ళండి అంకుల్, ఆకు బెస్ట్ అని భుజం తట్టి ట్రేలతోపాటు పరుగెత్తాడు. అంటే వదిలేశాడు. పన్నెండు నెలలుగా ఎదురు చూసిన మాట అంత తేలిగ్గా, నడుస్తూ నడుస్తూ అనేశాడు.

వల బయట యర్రయ్య నిలబడి ఉన్నాడు. సముద్రం వెనక్కి తీయడం మొదలైంది. అతని వెనక గణేష్ సంచీతో కొబ్బరిచెట్టుకు ఆనుకుని, తనకేమీ పట్టనట్టు ఆకాశం చూస్తున్నాడు.

"నిండిందేటి బావా?" అన్నాడు యర్రయ్య.

రామలక్ష్మి అన్న కనబడకుండా మొగుడి వైపు తిరిగి కళ్ళు పెద్దవి చేసింది. నిండింది అను, మేనేజరే అన్నాక నీకేటి అని ఆ కళ్ళు అరుస్తున్నాయి. ఉతికిన లుంగీలు మడతపెట్టి గుమ్మంలో ఉన్నాయి. చెప్పవలసింది ఒక్క మాట. పోర్ట్ బ్లెయిర్ జెట్టీలో పట్టని సొరను పట్టినవాడికి ఆ అబద్ధం ఏపాటిది? దానయ్య నోరు తెరిచాడు. సొర సంగతి ఒడ్డున చెప్పేది. ఇది పడవ ఎక్కేముందు చెప్పేది.

"నిండనేదు," అన్నాడు.

యర్రయ్య దిబ్బ వైపు ఒకసారి చూశాడు. బావ ఏం చేశాడో అతనికి అర్థమైనట్టే ఉంది. వేటగాడు కదా, గుడ్లతో ఉన్న పీతను ఎన్నోసార్లు నీళ్ళలోకి వదిలి ఉంటాడు. అయినా పట్టింపు పట్టింపే. పై ఏడు సూద్దారి బావా అని, చెల్లెలి తల మీద చెయ్యి వేసి, కొబ్బరిచెట్ల మధ్య నుంచి వెళ్ళిపోయాడు. గణేష్ పరుగెత్తుకుంటూ అతని వెనక వెళ్ళాడు. కాసేపటికి ఇంజను చప్పుడు వినిపించింది. దానయ్య దాన్నిబట్టి ఎవరికీ ఏమీ చెప్పలేదు. రామలక్ష్మి రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. మూడోనాడు, మాట్లాడకుండా ఉండడానికి ఆ గది చాలడం లేదని తానే మొదలుపెట్టింది.

జనవరిలో ఉమేష్ కొత్త మట్టి పోయించాడు. ఎర్ర రకం ఎప్పుడు వేస్తావు అంకుల్ అని రోజూ అడుగుతాడు. గింజ రావాలి కదా బాబూ అంటాడు దానయ్య. అది వచ్చాక బారుకు ఒక రకం వెయ్యాలని అతని ఆలోచన. ఉమేష్‌ను ఎలా ఒప్పించాలో ఇంకా తోచలేదు. దిబ్బ మీద ఉంచినవి ఒక్కొక్కటే కాడ తీశాయి. ముళ్ళది అందరికంటే పొడుగు. పొద్దున్నే చిన్న చిన్న పసుపు పూలు, మధ్యాహ్నానికి మూసుకుపోవడం, అంతా టోప్పో చెప్పినట్టే. చెప్పనిది ఒకటుంది. పువ్వు ఎండాక ప్రతి గింజకూ దూది పుట్టుకొచ్చింది. గాలి కాస్త తగిలితే చాలు, ఎగిరి పోవాలని చూస్తుంది.

అందుకని రామలక్ష్మి పాత చీరలు చింపి చిన్న సంచులు కుట్టింది. ఒక్కో రకానికి ఒక్కో రంగు గుడ్డ. దానయ్య వాటిని పూల గుత్తులకు తొడిగి మూతి బిగిస్తున్నాడు. ఏడాదిగా బయటపడే దారి దొరకనివాడికి, ఒక్క గింజ కూడా బయటికి పోకుండా చూడడం పనయ్యింది.

"గట్టిగా కట్టు మావా. ఒగ్గేసినావంటే సముద్రం దాటిపోతాయి," అంది రామలక్ష్మి.

దానయ్య రెండు చేతుల్లో కాడ, పళ్ళ మధ్య దారం కొస ఉన్నాయి. అప్పుడే కొబ్బరిచెట్ల అవతల నుంచి ఒక ఇంజను చప్పుడు వచ్చింది. మంచుగడ్డ కోసం రట్లాండ్ వైపు నుంచి వస్తున్న డింగీ అది. ఎవరిదో అతనికి తెలుసు. తల తిప్పితే ముడి జారిపోతుంది. అలాగే బిగించి పట్టుకుని, చప్పుడు దగ్గరికి వచ్చి, ఆగి, మళ్ళీ దూరమయ్యేదాకా విన్నాడు.